చేతికుట్టును నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు కాజీపేటలో ఉంటారు, ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతారు. సాయంత్రాలు చేతికుట్టుతో పసిపిల్లల బొంతలు, రవికెల మీద పూలు, అద్దాలు, మిగిలిన గుడ్డముక్కలతో సంచులు, గుమ్మాలకు తోరణాలు చేస్తారు. ఒక నెల ఊపిరాడనంత పని ఉంటుంది, మరో నెల అడిగేవాళ్లే ఉండరు. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఒక దుకాణం మూడడుగుల చదరపు బొంతలు పన్నెండు కావాలని, ఒక్కోదానికి 350 రూపాయలు ఇస్తామని అంటోంది. ఆ ఆర్డరు తీసుకోవాలా, దాన్ని నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ ఇంటింటికీ వచ్చాక చేతిపనికి ఇంకా రోజులున్నాయా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ ధరకు ఒప్పుకోకండి. ఉద్యోగం ఇప్పుడే మానకండి. చేతికుట్టును మాత్రం వదలకండి.

నేను హనుమకొండలో ఇరవై ఏళ్లకు పైగా ఈ పనితోనే బతుకుతున్నాను. మొదట బొంతలు, తర్వాత మగ్గం పని (చట్రానికి గుడ్డ బిగించి కుట్టే ఎంబ్రాయిడరీ), ఇప్పుడు రెండూ చేస్తూ కొంతమందికి నేర్పుతున్నాను. ఈ వృత్తిలోకి ఇష్టంగా వచ్చి విసిగిపోయి వెళ్లిపోయినవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో పనితనం తక్కువైనవాళ్లు నాకు దాదాపు కనిపించలేదు. తాము సూది పట్టుకుని కూర్చున్న గంటలకు లెక్క రాసుకోనివాళ్లే అంతా. అందుకే మిగతా విషయాలకంటే ముందు మీ బొంత లెక్క చూద్దాం.

మూడడుగులంటే 36 అంగుళాలు. అర అంగుళానికో వరుస చొప్పున కుడితే 72 వరుసలు వస్తాయి. మూడు పొరల గుడ్డ మీద అంగుళానికి ఐదు కుట్లు పడేలా సాదా కుట్టు వేస్తే ఒక వరుసకు 180 కుట్లు. బొంత మొత్తానికి పన్నెండు వేల పైచిలుకు. అలవాటైన చెయ్యి సూది మీద నాలుగైదు కుట్లు ఒకేసారి ఎక్కించుకుని లాగుతుంది కాబట్టి వరుసకు ఆరు నిమిషాలు అనుకుందాం. 72 వరుసలకు 432 నిమిషాలు, అంటే ఏడు గంటలు దాటింది. పొరలు ముడతలు లేకుండా పరచడం, జరగకుండా కచ్చా కుట్లు వేయడం, చివర అంచుపట్టీ తిప్పి కుట్టడం, కచ్చా కుట్లు తీసేయడం, వీటికి ఇంకో మూడు గంటలు. మొత్తం పది గంటలు.

గుడ్డకు, దారానికి 200 రూపాయలు తీసేస్తే 350లో మీకు మిగిలేది 150. పది గంటల పనికి. గంటకు పదిహేను రూపాయలు. పన్నెండు బొంతలంటే 120 గంటలు. బడి నుంచి వచ్చాక రోజుకు రెండు గంటల చొప్పున కుట్టినా సరిగ్గా రెండు నెలలు. ఆ రెండు నెలలూ వేరే పని ఏదీ ముట్టుకోలేరు. 'ఇంట్లో ఖాళీగానే ఉంటాను కదా' అని మీరు రాసిన మాట నాకు బాధ కలిగించింది. మీ సాయంత్రాన్ని మీరే ఉచితమని లెక్కేస్తే కొనేవాళ్లు దానికి ధర కట్టరు.

నా పద్ధతి ఇది: గుడ్డ, దారం ఖర్చుకు గంటల కూలి కలుపుతాను. ఆ వచ్చిన మొత్తం మీద మరో పదో వంతు వేస్తాను. సూదులు విరగడం, ఉతికి ఆరబెట్టడం, ఇస్త్రీ, పొట్లం కట్టడం, ఎప్పుడైనా ఒకటి పాడవడం, అన్నీ ఆ పదో వంతులోకి వస్తాయి. గంటకు అరవై రూపాయలే వేసుకున్నా మీ బొంత 600 కూలి, 200 సరుకు, మరో 80 కలిపి 880 అవుతుంది. గుండ్రంగా 900 చెప్పండి. అంత ఇవ్వలేమంటే వరుసల మధ్య దూరం అంగుళానికి పెంచవచ్చు. అప్పుడు 36 వరుసలే, పని ఆరున్నర, ఏడు గంటలకు తగ్గుతుంది, ధర 650 దగ్గరికి వస్తుంది. ధర తగ్గించమని అడిగినప్పుడు పని కూడా దాంతో పాటే తగ్గాలి. అదే పనికి కూలి తగ్గించుకుంటూ పోతే ఎక్కడ ఆగాలో తెలియదు.

ఇక యంత్రం సంగతి. రవికె మీద లతలు, చిన్న చిన్న పూలు, అంచు వెంట గొలుసు కుట్టులాంటివి యంత్రం ఒక్క పూటలో కుట్టి పడేస్తుంది, చూడటానికి తీరుగా కూడా ఉంటుంది. వాటిలో ధర మీద దానితో పోటీ పడకండి. కానీ చేతిపని తెలిసినవాళ్లు రెండింటినీ ఎలా గుర్తుపడతారో మీరు నేర్చుకుని, కొనేవాళ్లకు చూపించాలి. గుడ్డను తిరగేయండి. యంత్రం కుట్టిన దాని వెనక అడుగుదారం, ఎక్కువగా తెల్లదే, ప్రతి ఆకు కింద పరుచుకుని ఉంటుంది. చేత్తో కుట్టిన దాని వెనక పైన ఉన్న రంగుదారమే ఉంటుంది. మగ్గం మీద ఆరి సూదితో వేసిన దానికి పైన గొలుసు, వెనక ఒకదాని వెంట ఒకటి గీతల్లా కుట్లు కనిపిస్తాయి, ఎందుకంటే దారాన్ని అడుగు నుంచి ఎడమ చెయ్యి అందిస్తే సూది కొక్కెం దాన్ని పైకి లాగుతుంది. నా దగ్గరికి కొనడానికి కొత్తగా వచ్చినవాళ్లకు ముందు ఇదే చూపిస్తాను. ఆ తర్వాత చాలామంది బేరం ఆడరు. ఆడినా కొంచెమే.

అద్దాల పనిలో తేడా ఇంకా స్పష్టం. బజారు రవికెల మీద అద్దాన్ని జిగురుతో అతికించి చుట్టూ ప్లాస్టిక్ వలయం కుట్టేస్తారు. చేతిపనిలో అద్దం మీదుగా ముందు నిలువుకు రెండు, అడ్డానికి రెండు పోగులు బిగువుగా వేస్తాం, అద్దాన్ని పట్టి ఉంచే చట్రం అదే. ఆ పోగుల్ని పట్టుకుని చుట్టూ కాజా కుట్టు వేస్తూ వెళితే పోగులు పక్కలకు జరిగి మధ్యలో అద్దం తెరుచుకుంటుంది. మొదటి పోగులు అద్దం అంచుకు మరీ దగ్గరగా వేస్తే జారిపోతాయి, మరీ నడిమికి వేస్తే అద్దం కనిపించదు. ఈ పట్టు కుదరడానికి వారాలు పడుతుంది. కుదిరాక అద్దం గుడ్డ చిరిగేదాకా ఊడదు.

ఈ కుట్టు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మహబూబాబాద్, వరంగల్ జిల్లాల తండాల్లో లంబాడీ ఆడవాళ్లు తరతరాలుగా వేసుకుంటున్న దుస్తుల నుంచే మనలో చాలామంది ఈ అందం నేర్చుకున్నాం. అద్దాలు పెట్టిన ప్రతి సంచినీ 'లంబాడీ పని' అని పేరు పెట్టి అమ్మకండి. వాళ్ల పని కావాలంటే వాళ్ల చేతే కుట్టించి, వాళ్లు అడిగిన కూలి ఇచ్చి, వాళ్ల పేరుతోనే అమ్మండి. నా దగ్గర కొన్ని సంచుల ముందు పలకలు తండా నుంచి వస్తాయి, సంచి కుట్టడం వరకే నాది. కొనేవాళ్లకు అలాగే చెబుతాను.

మన చుట్టుపక్కల పేరున్న కళలు తక్కువేమీ కాదు. కొత్తవాడలో నేసే వరంగల్ డర్రీలకు (జంఖానాలకు) 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. పెంబర్తి ఇత్తడి పని, చేర్యాల చిత్రాలు, కరీంనగర్ వెండి తీగపని (ఫిలిగ్రీ), నిర్మల్ కొయ్యబొమ్మలకు కూడా ఆ గుర్తింపు ఉంది. ఊరి పేరు చెబితే చాలు, కొనేవాళ్లకు సగం నమ్మకం వచ్చేస్తుంది. మన చేతికుట్టుకు అలాంటి పేరు లేదు. అందువల్ల మీ కుట్టు ఫలానావారిదని తెలిసేలా ఏదో ఒకటి ఉండాలి. ఫోనులో దొరికిన నమూనానే అందరూ కుడుతుంటే అది ఎలా వస్తుంది? ఆదివారం ఒక పుస్తకం, పెన్సిలు పట్టుకుని ఖిలా వరంగల్‌కు వెళ్లండి. తోరణం మీద కూర్చున్న హంసలను గీయండి. వేయిస్తంభాల గుడి స్తంభాల మీద సన్నని చెక్కడపు గీతలున్నాయి, కాడ కుట్టుకు సరిగ్గా సరిపోతాయి. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆ శిల్పాలను గుర్తుపట్టేవాళ్లు పెరిగారు. నేను హంసల జతతో కుట్టిన తోరణాలు గృహప్రవేశాల కానుకగా ఇప్పటికీ ఆగకుండా పోతున్నాయి.

యంత్రం అసలు చేయలేని పనులు ఉన్నాయి, మీ సమయం అక్కడ పెట్టండి. బొంతలనే తీసుకోండి. కొత్త గుడ్డతో కుట్టిన బొంతకు ధర చెబితే 'దుప్పటి ఇంతకంటే చవక కదా' అంటారు. అదే మనిషి చనిపోయిన తల్లి చీరలు తెచ్చి వాటితో బొంత కుట్టమన్నప్పుడు ధర రెండో మాటగానే వస్తుంది. ఒకావిడ తన అమ్మ నేత చీరలు నాలుగు తెచ్చి, ముగ్గురు అక్కచెల్లెళ్లకు మూడు బొంతలు కావాలన్నారు. ఇలాంటి పని ఒప్పుకునే ముందు చీరను గజం గజం చూడాలి. రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను పట్టి మెల్లగా సాగదీస్తే జీవం ఉన్న గుడ్డ తిరిగి దగ్గరికి వస్తుంది, పాడైనది సన్నగా చిటపటమంటూ పోగులు విడిపోతుంది. కుచ్చిళ్ల దగ్గర, అంచు మడమకు తగిలేచోట గుడ్డ ముందుగా అరిగిపోతుంది. భుజం మీద పడే భాగం, పమిట చెంగు సాధారణంగా బాగుంటాయి. అరిగిన భాగం కింద పలచని మల్లు గుడ్డ పొర వేసి కుడితే నిలుస్తుంది. ఆవిడకు ఇవన్నీ చీర పరిచి చూపించి, ఏ ముక్క ఎవరి బొంతలోకి వెళ్లాలో ఆవిడ చేతే పెట్టించాను. పసుపు మరక ఉన్న ముక్కను తీసేద్దామంటే వద్దన్నారు, అది మధ్యలోనే ఉండాలన్నారు. ఇలాంటి పని దుకాణం ఇవ్వదు, యంత్రం అందుకోదు.

మీరు పసిపిల్లల బొంతలు చేస్తున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. కొత్త నూలు గుడ్డైతే కుట్టడానికి ముందే రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి. లేకపోతే మొదటి ఉతుకులో గుడ్డ ముడుచుకుని, దారం వదులై, బొంత అప్పడంలా ఉబ్బుతుంది. ఎరుపు, ముదురు నీలం దారాలను తడిపి తెల్లగుడ్డ మధ్య నొక్కి చూడండి, రంగు దిగితే పక్కన పెట్టేయండి. పిల్లల బొంత మీద అద్దాలు, పూసలు, చమ్కీలు అసలు వద్దు, ఎంత డబ్బు ఇస్తామన్నా వద్దు.

'ఒక నెల ఉంటుంది, ఒక నెల ఉండదు' అన్నారు. ఈ ఎత్తుపల్లాలకు కారణం చాలావరకు పంచాంగంలోనే ఉంది. మాఘం నుంచి వైశాఖం, జ్యేష్ఠం దాకా పెళ్లిళ్లు, శ్రావణంలో వ్రతాలు, మళ్లీ పెళ్లిళ్లు, ఆ తర్వాత బతుకమ్మ. ఎంగిలిపూల నాటికి రవికె చేతికి రావాలని అందరూ అంటారు. ఆషాఢం, పుష్యం ఖాళీ. దీనికితోడు పెళ్లి ముహూర్తాలు ఉండని మూఢాలు. 2024లో మే, జూన్ నెలలు మూఢంలో పోయాయి. మామూలుగా ఏడాది ఆదాయంలో పెద్ద భాగం వచ్చే వేసవిలో పెళ్లి రవికెలు కుట్టేవాళ్లు చేతులు కట్టుకు కూర్చున్నారు. కొత్త పంచాంగం రాగానే నేను ముందు మూఢాల తేదీలు రాసి గోడకు అంటిస్తాను. ఖాళీ నెలల్లో తోరణాలు, సంచులు, పిల్లల బొంతల్లాంటి ముహూర్తంతో పని లేనివి చేసి పెట్టుకుంటాను. సరుకు మాత్రం పెద్దమొత్తంలో కొనిపెట్టుకోను. నాకు తెలిసిన ఒకామె బేగంబజార్ నుంచి కుందన్లు, రంగు పూసలు చవకగా వస్తున్నాయని మూటలకొద్దీ తెచ్చారు. ఏడాది తిరిగేసరికి అందరూ లేతరంగుల దారంపనికి మళ్లారు, ఆ మూటలు అలాగే ఉండిపోయాయి.

అందుకే ఉద్యోగం గురించి నా సలహా ఇది. ఉగాది నుంచి ఉగాది వరకు నెలనెలా కుట్టుమీద వచ్చిన రాబడి, పెట్టిన ఖర్చు రాయండి. ఆషాఢాన్ని, పుష్యాన్ని కూడా కలిపి పన్నెండుతో భాగించండి. ఆ సగటు మీ జీతానికి సమానమైతే, ఆపైన నాలుగు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంటే, అప్పుడు ఆలోచించండి. రద్దీగా ఉన్న శ్రావణం చూసి మానేయకండి. బతుకమ్మ ముందు వచ్చిన డబ్బు చూసి అసలే మానకండి.

ఇంకో సంగతి. పెళ్లి రవికెల పని తీసుకునేటట్లయితే గుడ్డ తీసుకున్నప్పుడే దాన్ని వెలుతురులో పరిచి, ఎదురుగానే ఫోటో తీయండి. మరక ఉందా, జరీ ఎక్కడైనా లేచిందా అన్నది ఆ ఫోటోలో ఉండాలి. సగం డబ్బు ముందే తీసుకోండి, బంధువులైనా సరే. మెడ, చేతుల గీతలు దర్జీ చేతే వేయించుకుని, కుట్టు పడే గీతకు అటూ ఇటూ అర అంగుళం మేర పూసలు, కుందన్లు పెట్టకండి. పెడితే మిషన్ సూది విరుగుతుంది, పూస పగులుతుంది, తప్పు మీ మీదికే వస్తుంది. నమూనా దించడానికి సూదితో పొడిచిన ట్రేసింగ్ కాగితం మీద తెల్లపొడి, కిరోసిన్ కలిపి రుద్దే పాత పద్ధతే నాకు నచ్చుతుంది. చెరిగిపోయే పెన్నులు వాడితే ముందు ముక్క మీద గీసి చూడండి. నీళ్లతో పోయే రకం గీత మీద ఇస్త్రీ పడితే అది అలాగే ఉండిపోతుంది.

ఒంటి సంగతి మీరు అడగలేదు. కానీ 'ఈ మధ్య రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి' అని మధ్యలో రాసి వదిలేశారు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడూ రాత్రిపూట తిమ్మిరెక్కి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమోనని డాక్టరుకు చూపించాలి. ఆలస్యం చేస్తే వేళ్లలో పట్టు తగ్గుతుంది, సూది పట్టుకోవడమే కష్టమవుతుంది. నేను గంటకు ఒకసారి లేచి కిటికీలోంచి దూరంగా చూస్తాను. కుడిచేతివాటం కాబట్టి దీపం ఎడమవైపు పెట్టుకుంటాను. బొంత కుట్టేటప్పుడు మధ్యవేలికి లోహపు తొడుగు తప్పనిసరి. మంచం మీద వంగి కూర్చుని కుట్టడం మానేసి బల్ల మీద పరుచుకోండి, మెడనొప్పి సగం పోతుంది. ఈ కారణంతో కూడా పన్నెండు బొంతలు రెండు నెలల్లో మీకు వద్దంటున్నాను.

పథకాల గురించి రెండు మాటలు. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది వృత్తులు ఉన్నాయి, వాటిలో దర్జీ ఉంది, ఎంబ్రాయిడరీ విడిగా లేదు. శిక్షణ ఇస్తారు, పనిముట్లకు 15,000 రూపాయలు, ఆ తర్వాత ఐదు శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు అప్పు ఇస్తారు. దరఖాస్తులు ఇప్పుడు తీసుకుంటున్నారో లేదో మీ దగ్గరి సీఎస్‌సీ (కామన్ సర్వీస్ సెంటర్)లో కనుక్కోండి. కేంద్ర జౌళి శాఖ చేతివృత్తులవారికి ఇచ్చే పెహచాన్ కార్డు కూడా తీసుకోండి, ప్రభుత్వ ప్రదర్శనల్లో స్టాలు అడగడానికి పనికొస్తుంది. అప్పు మాత్రం మిషన్‌కు, బల్లకు, దీపానికి తీసుకోండి. పూసలకు, గుడ్డలకు తీసుకోకండి.

ఇప్పుడు దుకాణానికి ఏం చెప్పాలో చూద్దాం. కోపంగా కాదనకండి, ఎక్కువ వివరణలూ వద్దు. "ముందు నాలుగు బొంతలు ఇస్తాను. అంగుళం వరుసలైతే ఒక్కోటి 650, అర అంగుళమైతే 900. సగం డబ్బు ముందుగా పంపాలి, అందిన నెలకు సరుకు పంపిస్తాను. బొంత మూలన నా పేరు కుట్టి ఉంటుంది" అని రాయండి. రెండు రకాల వరుసలతో జానెడు ముక్కలు కుట్టి, ముందువైపు, వెనకవైపు ఫోటోలు తీసి జతచేయండి. అంగుళం రకం నాలుగు అంటే 28 గంటలు, రోజుకు గంట చొప్పున మీ చెయ్యి నొప్పి పుట్టకుండా నెలలో అయిపోతాయి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ నాలుగూ శ్రావణం లోపు కుట్టి పెట్టుకోండి, హనుమకొండలోనే కొనేవాళ్లున్నారు. జవాబు వచ్చాక వాళ్లు ఏమన్నారో, మీ చేతికి ఒక వరుసకు నిజంగా ఎన్ని నిమిషాలు పట్టిందో ఇక్కడ రాయండి, లెక్క మళ్లీ వేసి చెబుతాను.